నమూనా రోగులు

“ఇవి కల్పించినవి కావు సార్. బతికున్న మనుషులవి,” అంది టెస్టర్, టీమ్ లీడ్ కుర్చీ పక్కన నిలబడి.

లీడ్ చిప్స్ నమలడం ఆపలేదు. “అయితే?”

ఎవరి ఆరోగ్య రికార్డులు వాళ్ళ ఫోన్‌లోనే భద్రంగా దాచుకునే యాప్ అది. బయటి ప్రోగ్రామర్లు ముందుగా వాడి చూడటానికి తొలి వెర్షన్‌ను ఆ ఉదయమే నెట్‌లో వదిలారు. వట్టి యాప్ ఇస్తే ఏం అర్థమవుతుందని, నమూనాకి కొందరు రోగుల వివరాలు జతచేశారు. అవి లీడ్ కూర్చుని అల్లినవే అనుకుంది టెస్టర్. తీరా చూస్తే, లోపల పరీక్షించుకోమని ఒక క్లినిక్ నమ్మి ఇచ్చినవి.

“పేర్లు పీకేశాం కదమ్మా. ఇంకేం కావాలి నీకు?”

“పేరు పీకేస్తే మనిషి మాయమైపోతాడా? ఇదిగో, ఈయన దర్జీ. వీధి పేరుంది. అక్కకి కిడ్నీ ఇచ్చాడని ఉంది. ఆ వీధిలో ఒంటి కిడ్నీ దర్జీలు ఎంతమందుంటారు? తాగుడు మానడానికి చికిత్స చేయించుకుంటున్నాడు. ఇంట్లో తెలియనివ్వొద్దని డాక్టర్ని బతిమాలుకున్నాడు. అదీ ఉంది ఇందులో.”

“ఉన్న ఒక్క కిడ్నీతోనా తాగుడు? ఘనుడే.”

వెనక బల్లల్లో ఒకటే నవ్వులు. “అతనేం చూశారు, ఆ కింది ఆవిణ్ణి చూడండి, ఇంకా కామెడీ,” అన్నాడెవరో.

నిన్నటిదాకా వీళ్ళతో కలిసి ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నందుకు టెస్టర్‌కి తన మీద తనకే రోత పుట్టింది.

“దాన్ని వెనక్కి తీసుకోండి.”

“పొద్దున వదిలి సాయంత్రం తీసేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నీ చాదస్తం నీ దగ్గరే ఉంచుకో.”

“అయితే పెద్దాయనకే చెప్తాను.”

“చెప్పుకో పో.”

పెద్దాయన ఆ కంపెనీ యజమాని. ఆయన గది పై అంతస్తులో ఉంది. ఉద్యోగం పోతే పోయిందనుకుని మెట్లెక్కింది. దర్జీ సంగతి, నవ్వుల సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన మొహం కందగడ్డయింది. విని, విసురుగా లేచి కిందికి నడిచాడు.

ఆయన్ని చూడగానే నవ్వులు ఎక్కడివక్కడ తెగిపోయాయి.

“తీసెయ్. నా కళ్ళ ముందే.”

లీడ్ మొత్తం చెరిపేశాడు.

“ఎవరైనా దించుకున్నారా?”

“ఇంకా లేదు సార్.”

“బతికిపోయావు. రేపట్నుంచి రావద్దు.”

లీడ్ సంచీ సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు. గది అంతా తలలు దించుకుంది. టెస్టర్‌కి కళ్ళు చెమర్చాయి. ఇంత కుళ్ళులోనూ ఒక్క మనిషి మిగిలాడనుకుంది. గుమ్మం దాకా ఆయన వెంట వెళ్ళింది.

“మీ మేలు మర్చిపోలేను సార్.”

“నువ్వే నాకు మేలు చేశావు తల్లీ,” అన్నాడు పెద్దాయన ఆప్యాయంగా. “ఊరికే వీధిలో దొరికే సరుకుని బీమా కంపెనీవాడు మన దగ్గరెందుకు కొంటాడు?”