నాలుగో చార

రంగు వేసిన జెల్ పలక మీద నాలుగో చార కనిపించగానే ఆమె గుండె జారిపోయింది.

అది అక్కడ ఉండకూడని చార. కాలేయంలో చక్కెరను పనిలోకి లాగే ఎంజైము నాలుగు రకాలు; పలక మీద ఒక్కో రకానికీ ఒక్కో చార. ఇన్సులిన్ హార్మోను అందకపోతే నాలుగో రకం మాయమవుతుంది. ఈ ఒక్క మాట నిరూపించడానికే మూడేళ్ళుగా ఆమె మధుమేహం తెప్పించిన ఎలుకలతో కాపురం చేస్తోంది. సగం ఎలుకలకు రోజూ ఇన్సులిన్, మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. ఈ పలక మీదున్నది నిన్న కోసిన ఏడో నంబరు ఎలుక కాలేయం; అదేమో ఉప్పునీళ్ళ జట్టుది.

"లేబుళ్ళు మార్చేశావు," అన్నారు ప్రొఫెసర్.

"లేదు సార్. మూడుసార్లు చూశాను."

"మరి దానికి ఇన్సులిన్ ఆకాశం నుంచి ఊడిపడిందా? ఒక్కటి తారుమారైతే మిగతా ముప్పై తొమ్మిదింటిని ఎవరు నమ్ముతారు? మధ్యాహ్నంలోగా కారణం చెప్పు. లేదా మొత్తం మళ్ళీ మొదటినుంచి చెయ్యి."

మళ్ళీ మూడేళ్ళు! ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేక ఫ్రిజ్ తెరిచింది. ఇన్సులిన్ సీసాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క చుక్క తగ్గలేదు.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎలుకల గదికి ఉన్నవి రెండే తాళంచెవులు. ఒకటి ఆమె దగ్గర, రెండోది బోనులు కడిగే అటెండరు బాబాయ్ దగ్గర.

బాబాయ్ కిటికీ పక్కన కూర్చుని లీటరు సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగుతున్నాడు. ఆమెను చూసి సీసా దించాడు.

"ఏడో నంబరు పోయిందా అమ్మా?"

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నలభై ఎలుకలుంటే నీకు దాని నంబరే ఎందుకు గుర్తుంది బాబాయ్?"

"నన్ను చూస్తే చాలు, కమ్మీల దగ్గరికొచ్చి నిలబడేదమ్మా. మళ్ళీ పరిగెత్తి నీళ్ళ గొట్టం పట్టుకునేది. ఎంత తాగినా తీరేది కాదు. ఆ దాహం చూడలేకపోయాను."

"అందుకని దానికి ఇన్సులిన్ పొడిచావా? నిజం చెప్పు. నా మూడేళ్ళ కష్టం నీ నోటిమాట మీదుంది."

"మీ మందు చుక్క కూడా ముట్టలేదమ్మా, ఒట్టు."

"మరి?"

బాబాయ్ తల దించుకుని, చొక్కా పైకెత్తి, పొట్ట నిండా ఉన్న సూది గుర్తులు చూపిస్తూ అన్నాడు, "రోజూ నేను పొడుచుకునే దాంట్లోంచే దానికీ కాస్త పెట్టానమ్మా."