మూడేళ్ళ తేడా

"పుట్టిన తేదీ సరిపోలేదు బాబాయి గారూ," అంటూ నర్సు సిరంజిని ట్రేలో తిరిగి పెట్టేసింది.

మంచం మీద చొక్కా పైకెత్తి పొట్ట చూపిస్తూ పడుకున్న పెద్దాయన తల ఎత్తాడు. "సరిపోకపోవడమేమిటమ్మా? పేరు చెప్పాను, సరిపోయిందన్నావు. ఆగస్టు పన్నెండు అన్నాను, అదీ సరిపోయిందన్నావు."

"పుట్టిన సంవత్సరంలో తేడా. మీరు యాభై తొమ్మిది అంటున్నారు. సిరంజి మీద అరవై రెండు ఉంది."

"మూడేళ్ళకే ఇంత రాద్ధాంతమా? కానీ, పొడిచెయ్."

"పొడిచెయ్యడానికి ఇదేం జ్వరం సూదా?" రెండు జతల గ్లౌజులు, గౌను, మాస్కు వేసుకున్న నర్సుకు కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళలో తొణుకూ బెణుకూ లేదు. "కీమో మందు ఇది. మీ మూలుగలో చెడ్డ కణాల్ని అణచడానికి మీ ఎత్తూ బరువూ, మీ రక్తం రిపోర్టూ చూసి కలిపారు. మీకు పనిచేసేదే ఇంకొకరికి విషం. పక్క గదిలో సరిగ్గా మీ పేరే ఉన్నాయన ఉన్నారు."

ఆమె ఫోన్ చేస్తే మందులు కలిపే గది నుంచి ఫార్మసిస్టు ఫైలు పట్టుకుని వచ్చాడు. ఫైల్లోనూ అరవై రెండే ఉంది. అతను పక్క గదిలోకి వెళ్ళి వచ్చాడు. వచ్చేటప్పుడు అతని నడకలో వేగం తగ్గింది.

"ఆయన పుట్టింది యాభై తొమ్మిదిలో," అన్నాడు.

మంచం పక్కన నిలబడ్డ పెద్దాయన భార్య చేతిసంచిని గుండెలకు దగ్గరగా పట్టుకుంది.

"అంటే ఫైళ్ళు తారుమారయ్యాయా?" అంది నర్సు.

"అదే అయితే పరీక్షలన్నీ మొదటికొచ్చినట్టే. ఈ మందు కలిపి అరగంటయింది. ఇంకో పావుగంట దాటిందంటే పారెయ్యాల్సిందే."

"బాబాయి గారూ, గుర్తింపు కార్డు ఉందా?"

పెద్దాయన చెయ్యి చొక్కా జేబు మీదకు పోయింది. "ఇంట్లో మర్చిపోయానమ్మా."

"పిన్నిగారూ, మీరైనా చెప్పండి."

ఆమె భర్త ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. "నాతో ఎప్పుడూ యాభై తొమ్మిదనే చెప్పారమ్మా."

"విన్నావా?" అన్నాడు పెద్దాయన. చూపు మాత్రం పైకప్పు మీదే ఉంది.

"విన్నాను. మీ మాటే నిజమైతే ఈ మందు మీది కాదు. ఇవాళ సూది లేదు."

"లేకపోతే ఎలాగమ్మా? ఏడు రోజులు వరసగా పడాలన్నారు డాక్టరు గారు. రెండు నెలలుగా ఊళ్ళోవాళ్ళ రక్తంతో బతుకుతున్నాను. ఇకనైనా నా రక్తం నేనే తయారుచేసుకోవాలని వచ్చాను."

"అందుకే ఆగుతున్నాను," అంది నర్సు.

భార్య సంచి భుజానికి తగిలించుకుంది. "ఏమండీ, నాకు గొంతు తడారిపోతోంది. మంచినీళ్ళు తాగి నెమ్మదిగా వస్తాను." వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది.

అడుగుల చప్పుడు ఆగేదాకా పెద్దాయన తలుపు వైపే చూశాడు. తర్వాత జేబులోంచి కార్డు తీశాడు.

"సిరంజి చెప్పిందే నిజం సిస్టర్."

నర్సు కార్డు అందుకుంది. అరవై రెండు. "మరి ఇంతసేపూ ఈ నాటకమేమిటి?"

"ఆవిడ పుట్టింది అరవై ఒకటిలో. పెళ్ళి మాటలప్పుడు నేను చిన్నవాణ్నని తెలిస్తే సంబంధం ఎక్కడ తప్పిపోతుందోనని మూడేళ్ళు ముందే పుట్టేశాను. ఇంట్లో నా మాట చెల్లుతున్నదే ఆ పెద్దరికం మీద. రోజూ దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుడికి మాత్రం అసలు వయసే చెప్పుకుంటాను."

ఫార్మసిస్టు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"దేవుడు సూదులు వెయ్యడు కదా, నాకూ అదే చెప్పండి," అంది నర్సు. "ఈ ఏడు రోజులూ అడుగుతాను."

"చెప్తాను. రేపటి నుంచి ఆవిణ్ణి ముందే బయటికి పంపించేస్తాను."

కార్డు, ఫైలు, సిరంజి ఒకదాని పక్కన ఒకటి పెట్టి నర్సు పైకి చదివింది. ఫార్మసిస్టు మళ్ళీ చదివాడు. అన్నీ సరిపోయాయి. అప్పుడు గానీ ఆమె సిరంజి అందుకోలేదు.

"సూది దిగిన చోట ఎర్రబడినా, మండినా చెప్పాలి. అదీ దాచారంటే ఊరుకోను."

"ఇంక దాచడానికేం మిగిలిందమ్మా?" అని పెద్దాయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

వాడిన సిరంజిని దాని డబ్బాలో పడేసి, గౌనూ గ్లౌజులూ తీసేసి, చేతులు కడుక్కుని నర్సు బయటికి వచ్చింది. పెద్దాయన భార్య మంచినీళ్ళ వైపు వెళ్ళనే లేదు. గది ఎదుట బల్ల మీద కూర్చుని ఉంది.

"పడిందా తల్లీ?"

"పడింది పిన్నిగారూ. రెండు రోజులు జాగ్రత్త. వాంతి చేసుకున్నా, బట్టలు పాడైనా గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. బాత్రూమ్‌లో మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యమనండి. జ్వరం తగిలితే తెల్లారనీలే అనుకోకుండా వెంటనే తీసుకొచ్చెయ్యండి."

ఆమె ఒక్కొక్కటీ మళ్ళీ అప్పజెప్పింది. ఒక్క ముక్క తప్పు పోలేదు.

"ఇందాకటి ఆ తేదీ సంగతి..." నర్సు చూపు పక్కకు తిప్పుకుంది. "కాగితాల్లో చిన్న పొరపాటు. సరిచేశాం."

ఆమె సంచి సర్దుకుని లేచి నర్సు చెవి దగ్గరకు వంగింది.

"ఆ పొరపాటు నాకు పెళ్ళికి ముందే తెలుసు తల్లీ. ఆయనకు మాత్రం చెప్పకు, పెద్దరికం పోయిందని బెంగపెట్టుకుంటారు."