చేయి చాచినంత దూరం

పెద్దాయన సంచీ సర్దుకుంటున్నాడు.

పాలిష్ బ్రష్షులు గుడ్డలో చుట్టాడు. కళ్ళజోడు పెట్టె, టీ గ్లాసు, పనిలో ముందు కట్టుకునే తోలు గుడ్డ ఒక్కొక్కటే లోపల పెట్టాడు. సంచీ పట్టీ ఒక పక్క ఊడి వేలాడుతోంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, దారం నాలికతో తడిపి, ఒక్కసారికే సూదిలోకి ఎక్కించాడు.

పక్క బల్ల దగ్గర ఆమె తలెత్తలేదు. ఎత్తకుండానే అంతా చూసింది.

ఆయన పని పోయింది ఆమె వల్లనే మరి.

ఆ కార్ఖానాలో తయారయ్యేవి మామూలు చేతి గడియారాలు కావు. ఒక్కోటి ఇంట్లో పెళ్ళి చేసినంత ఖర్చు. పెట్టెలోకి వెళ్ళే ముందు చివరిగా చూసేది ఆమే. కంటికి అద్దం బిగించి కూర్చుంటే ఇక లేవదు. పనివాళ్ళు 'భూతద్దం అక్క' అని పేరు పెట్టారు.

"మా అక్కకి చందమామను తెచ్చిచ్చినా మచ్చ ఉందని వెనక్కి పంపేస్తుంది" అని నవ్వుకునేవాళ్ళు.

పెద్దాయన కొత్తగా వచ్చినవాడు. ఎక్కడివాడో, ఇంట్లో ఎవరున్నారో ఎవరూ అడగలేదు. ఆయన పాలిష్ చేసిన వాచీల మీద అప్పుడప్పుడు వెంట్రుకంత గీత కనిపించేది. అంచు మీద, ఎప్పుడూ అదే చోట.

"మళ్ళీ గీత" అని ముందుకు తోసేది ఆమె.

"చెయ్యి చాచి పట్టుకుని చూడు తల్లీ. కనిపిస్తోందా?"

"లేదు."

"చేయి చాచినంత దూరంలో కనిపించనిది వదిలెయ్యమనే కదా ఇక్కడి పద్ధతి! కొన్నవాడు సాయంత్రానికల్లా తలుపు గడియకి ఇంతకంటే పెద్దది గీసుకుంటాడు."

"గీసుకోనివ్వండి. అది ఆయన చేసుకున్నది. ఇది మనం చేసింది."

ఆయన తీసుకెళ్ళి, గీత పోయేదాకా రుద్ది తెచ్చేవాడు.

ఒకరోజు టీ తాగుతూ ఆమె చేతికేసి చూశాడు.

"ఇక్కడ ఎవరూ చేతులకి ఏమీ పెట్టుకోరు కదమ్మా. నీకా ఉంగరం?"

"మా ఆయన తొడిగింది. ఆయన పోయాక ఇదొక్కటే మిగిలింది. యజమాని కాళ్ళావేళ్ళా పడి ఉంచుకున్నాను. దీనివల్ల ఏదైనా తేడా వస్తే ఉంగరమో ఉద్యోగమో తేల్చుకోమన్నారు. పిల్లలు తినేది ఈ జీతమే. దేన్ని వదులుకోను?"

"దేన్నీ వదులుకోకు తల్లీ" అని ఆయన గ్లాసు కడగడానికి లేచాడు.

తన తప్పు కప్పుకోవడానికి ఈ ముసలాయన నాలో వంక వెతుకుతున్నాడు అనుకుంది ఆమె. భయం పట్టుకుంది. ఆయన నోరు తెరిచే లోపే యజమాని దగ్గరికి వెళ్ళి గీతల సంగతి చెప్పేసింది.

ఇప్పుడు పెద్దాయన సంచీ భుజానికి తగిలించుకుని ఆమె బల్ల దగ్గర ఆగాడు. జేబులోంచి ఏదో తీసి పెట్టాడు. మెత్తటి తోలుతో కుట్టిన తొడుగు. ఒక్క వేలికి సరిపడేంత.

"చలికాలం వస్తోంది. వేళ్ళు బిగుసుకుపోతాయి. ఉంచుకో."

"ఒక్క వేలికేం చలండీ?" అంది విసురుగా.

ఆయన నవ్వాడు. "వస్తానమ్మా."

ఆమె తొడుగును సొరుగులో పడేసింది.

ఆయన చోట్లోకి ఇంకొకతను వచ్చాడు. మాటకు మాట చెప్పే రకం. మొదటి రోజే అతని వాచీ మీద గీత కనిపించింది. అంచు మీద, అదే చోట.

"నీకూ చెయ్యి కుదరలేదన్నమాట!"

"ఆగక్కా, నేను అద్దం పెట్టి చూసే ఇచ్చాను. ఇదిగో ఇంకోటి. నా ఎదురుగా చూడు."

చూసింది. అద్దంలా ఉంది. వెనక వైపు చూద్దామని, రోజూ లాగే అరచేతిలో దాన్ని తిప్పింది. వినీ వినపడనట్టు చిన్న చప్పుడు.

మళ్ళీ తిప్పింది. గీత.

అతను గీతను చూడలేదు. ఆమె ఉంగరాన్ని చూశాడు.

ఆమె సొరుగు లాగింది. తొడుగు తీసి ఉంగరపు వేలికి ఎక్కించింది. లోపల ఉంగరం ఇమిడేంత చోటు వదిలి కుట్టి ఉంది.

అలాగే యజమాని గదిలోకి వెళ్ళింది.

"ఆ గీతలు నావండీ. నా ఉంగరానివి. పెద్దాయన్ని పిలిపించండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాకు అప్పుడే నీ ఉంగరం మీద అనుమానం వచ్చిందమ్మా. ఆయన్నే అడిగాను. 'ఆ పిల్లది కాదు బాబూ, నా చేతులే వణుకుతున్నాయి' అన్నాడు. వణికే చేతులకి పని ఎలా ఇవ్వను?"

కిటికీ వెలుగులో ఒక్కసారికే సూదిలోకి ఎక్కిన దారం ఆమె కళ్ళ ముందు కదిలింది.

ఆ తొడుగు తియ్యకుండా పని చేసుకోమని, యజమాని మనిషిని పంపాడు. అద్దె గది ఖాళీగా ఉంది. చేతులు వణుకుతాయన్న మాట ఆయన కంటే ముందే అన్ని వాచీ దుకాణాలకీ చేరిందని, ఎక్కడా పని దొరకక ఎటో వెళ్ళిపోయాడని ఇల్లుగలావిడ చెప్పింది.

ఆమె బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. గీత పడిన వాచీని చేయి చాచి పట్టుకుంది. ఏమీ కనిపించలేదు. పెట్టెలో పెట్టి పంపించేసింది.

ఆమె ఉంగరం ఆమె వేలికే ఉండాలని, నిలకడైన తన చేతులకు లేని వణుకు అంటగట్టుకున్న ఆ మనిషి, వానలు వెనకబట్టిన ఆ శనివారం 'వస్తానమ్మా' అని వెళ్ళి, మళ్ళీ రాలేదు.