ఫుట్‌పాత్ ఎక్కిన బస్సు

"ఇదీ ఆడరట!"

ఆవిడ డిస్కు పెట్టెను కౌంటరు మీద పెట్టి, ఉస్సూరంటూ స్టూలు మీద కూర్చుంది.

వీడియో గేములు అద్దెకిచ్చే ఆ దుకాణంలో, కౌంటరు దగ్గరి అమ్మాయికి ఆవిడ కష్టం తెలుసు. ఆవిడ భర్తకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మందులు పనిచేశాయి గానీ, వేళ్ళు కదపాల్సింది మాత్రం ఆయనే. ఇలాగే వదిలేస్తే చెయ్యి బిగుసుకుపోతుందని, ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరని డాక్టరు తేల్చి చెప్పాడు. పిసకమని రబ్బరు బంతి ఇస్తే ఆయన దాన్ని పక్కింటి కుక్కకు ఇచ్చేశాడు. వీడియో గేము ఆడించి చూడమన్నదీ ఆ డాక్టరే.

"కార్ల పందెం కూడా నచ్చలేదా ఆంటీ?"

"చూశారు. 'ఇండికేటర్ వెయ్యకుండా మలుపు తిప్పుతున్నారు, వీళ్ళకి లైసెన్సు ఎవడిచ్చాడు?' అని టీవీ కట్టించేశారు."

అమ్మాయి నవ్వు ఆపుకుంది. "అంతకుముందు ఇచ్చానే, ఇటుకలు పేర్చే ఆట?"

"అది మేస్త్రీ పనట."

"ఫుట్‌బాల్?"

"వాళ్ళు పరిగెత్తుతుంటే ఈయనకి ఆయాసం."

"వ్యవసాయం ఆట అందరికీ నచ్చుతుందే!"

"విత్తనం వేసిన మరుక్షణం మొలకొచ్చింది. అబద్ధాల ఆట నాకొద్దన్నారు."

"పోనీ దయ్యాల బంగళా?"

"అదొక్కటే కాస్త చూశారు. దయ్యం వచ్చినప్పుడల్లా 'పాపం, దానికి మాత్రం ఎవరున్నారు' అంటారు. చెయ్యి మాత్రం దుప్పటిలోంచి బయటికి తియ్యరు."

"ఎంత పెంకి మనిషి ఆంటీ!"

"పెళ్ళినాటి నుంచీ వేగుతున్నాను, నాకు చెప్తావా?"

అమ్మాయి అరల వైపు తిరిగి వెతుకుతూ అడిగింది. "అసలు అంకుల్ ఏం పని చేసేవారు?"

ఆవిడ గొంతు తగ్గింది. "సిటీ బస్సు డ్రైవరు."

"ముందే చెప్పొద్దూ! బస్సు నడిపే ఆట ఉంది మా దగ్గర!"

"వద్దమ్మా. స్టీరింగు మీద ఉండగానే చెయ్యి పడిపోయింది. అప్పట్నుంచి వీధిలో బస్సు హారన్ వినిపించినా కిటికీ మూయించేస్తారు."

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, ఆ పెట్టెనే తీసి ఆవిడ ముందు పెట్టింది.

"ఇందులో ఎడం చేత్తో బస్సు తిప్పాలి. కుడి చూపుడువేలితో రిమోటు మీట నొక్కితేనే ముందుకు వెళ్తుంది. ఒక్కసారి పెట్టి చూడండి ఆంటీ. కోపం వస్తే నన్ను తిట్టమనండి."

ఆవిడ పెట్టె మీది బస్సు బొమ్మ వంక చాలాసేపు చూసింది. దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళింది.

వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చింది.

"బాగా తిట్టారా ఆంటీ?"

ఆవిడ కౌంటరు మీదుగా వంగి అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"కుడి చేత్తోనే తల్లీ! కుడి చేత్తోనే లాక్కున్నారు!"

"ఏంటి? దేన్ని?"

"ఆట పెట్టగానే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. సరేలెమ్మని నేనే మొదలుపెట్టాను. ఎత్తుకోవడమే ఫుట్‌పాత్ ఎక్కించాను. అద్దం చూడకుండా వెనక్కి తీసి స్తంభానికి గుద్దాను. స్టాపులో ఒక ముసలాయన ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు, తలుపు వేసేశాను. గోడవైపు నుంచి 'అయ్యో, అయ్యో' అని వినబడుతోంది. ఎర్రలైటు వచ్చింది. నేను ఆగలేదు."

"అమ్మ బాబోయ్!"

"లేచి కూర్చున్నారు! 'బ్రేకు తొక్కవే! నా పరువు తియ్యడానికే ఉన్నావా?' అని అరుస్తూ నా చేతిలోంచి రిమోటు లాగేసుకున్నారు. ఏ చేత్తో లాక్కున్నారో ఆయనకే తెలీదు. వేళ్ళు వణుకుతూనే ఉన్నాయమ్మా, కానీ నొక్కుతున్నాయి. నెమ్మదిగా వెనక్కి తిప్పి తీసుకెళ్ళి స్టాపులో ఆపి, ఆ ముసలాయన్ని ఎక్కించుకుని గానీ కదల్లేదు. ఇప్పుడు పొద్దున లేస్తే డ్యూటీయే. నన్ను మాత్రం దగ్గరికి రానివ్వట్లేదు."

అమ్మాయి కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఇక్కడికి వచ్చే పెద్దవాళ్ళంతా మా పిల్లల్ని చెడగొడుతున్నావని దెబ్బలాడటానికే వస్తారు ఆంటీ. మేలు జరిగిందని చెప్పడానికి వచ్చింది మీరే మొదలు."

"ఆ ఆట నువ్విచ్చావు కాబట్టే కదమ్మా. నేనైతే భయంతో అటు చూసేదాన్నే కాదు. నీ చేతి చలవ తల్లీ, మా ఆయన చెయ్యి లేచింది." ఆవిడ తెచ్చిన పళ్ళ సంచి కౌంటరు మీద పెట్టింది. "ఇంకొన్నాళ్ళు ఆ ఆట మా ఇంట్లోనే ఉండనీ."

"ఉంచుకోండి. నన్నడిగితే, మీకు డ్రైవింగ్ రాకపోవడమే మంచిదైంది ఆంటీ!"

ఆవిడ చిన్నగా నవ్వింది. "వస్తానమ్మా. బయట ఓ పిల్ల ఎదురుచూస్తోంది."

ఆవిడ వెళ్ళాక చూస్తే స్టూలు పక్కన గొడుగు ఉండిపోయింది. అమ్మాయి దాన్ని తీసుకుని బయటికి పరిగెత్తింది.

సందు ఇరుకు. ఒకపక్క సరుకుల వ్యాను, ఇంకోపక్క చెత్తడబ్బాల వరస. ఆ సందులోంచి ఒక చిన్న కారు దేనికీ తగలకుండా, గీత గీసినట్టు వెనక్కి వస్తోంది. స్టీరింగు దగ్గర ఆవిడ. చూపు అద్దంలో ఉంది. పక్కసీట్లో ఓ కాలేజీ పిల్ల కళ్ళప్పగించి ఆవిడ చేతుల్నే చూస్తోంది.

గొడుగు పట్టుకుని అమ్మాయి నిలబడిపోయింది. కారు నెత్తిన బోర్డు: 'ఆడవారికి డ్రైవింగ్ నేర్పబడును.'