రెండే సీట్లు ఖాళీ

“దిగు, దిగు! అందులో రెండే సీట్లు ఖాళీ!” అంటూ భర్త పక్క వ్యానుకేసి పరుగెత్తాడు.

నిండితే గాని కదలనన్న వ్యానులో పొద్దుట్నుంచి కూర్చుని నడుం పట్టేసిన భార్య, బ్యాగులు ఈడ్చుకుంటూ వెనకాలే వెళ్లింది. టాక్సీ ఎక్కితే దేశం కనబడదని, జనంలో కలిసిపోవాలని ఆయన సిద్ధాంతం. ఇప్పటిదాకా ఆమెకి కనబడినవి బస్టాండ్లే.

వాళ్లు కూర్చోగానే ముందు సీట్లవాళ్లంతా లేచి టీ కొట్టుకి వెళ్లిపోయారు.

“వాళ్లు రారా?” అడిగాడు భర్త.

“మా మనుషులేనండీ. బండి నిండినట్టు కనబడాలి కదా, కూర్చోబెడతాం,” అన్నాడు డ్రైవరు దాపరికం లేకుండా.

అవతల ఈ ఇద్దరూ దిగొచ్చిన వ్యాను నిండిపోయి, హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

“జనంలో కలిసిపోవడమంటే ఇదే కాబోలు,” అంది భార్య.

ఆయన వినలేదు. వీపున బ్యాగులతో వస్తున్న ఓ కొత్త జంటకి కిటికీలోంచి చెయ్యూపుతున్నాడు. “రండి రండి! బయల్దేరిపోతోంది!”

ఆ మాటకు తోడుగా డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

ఆయనది ఎంత తియ్యటి గొంతు! పెళ్లికి ముందు ‘హాయిగా దేశాలు తిరుగుదాం, నీకే కష్టమూ రానివ్వను’ అన్నదీ ఈ గొంతే.

ఆమె పక్కసీటు మీది బ్యాగు తీసి, ఎక్కిన అమ్మాయికి చోటిచ్చింది.

“కూర్చోమ్మా. నేనూ ఇలాగే ఎక్కాను.”