గోడ లేని పురుగు

"సూది ఇయ్యకుండ్రి సార్, అది ఉత్త జలుబే" అంటూ జబీన్ శేఖర్ చేతికి అడ్డం వచ్చింది.

ఎల్లారెడ్డిపేటలో శేఖర్ ఇరవై ఏళ్లుగా ఆర్ఎంపీ. జబీన్ పల్లె దవాఖానకు కొత్తగా వచ్చిన నర్సు. ఇంటింటి సర్వేకు పోయి, పిల్లను చంకనేసుకుని వస్తున్న మంజుల వెంట శేఖర్ క్లినిక్‌దాకా వచ్చింది. మంజుల ఒళ్లో రెండేళ్ల వనితకు ముక్కు కారుతోంది, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది.

"ఎందుకియ్యద్దో చెప్పు, ఇంటం" అన్నాడు శేఖర్, సిరంజి దించకుండానే.

"బ్యాక్టీరియా తన సుట్టు గోడ కట్టుకుంటది సార్. గీ సూదిల ఉన్న యాంటీబయాటిక్ మందు అణువుల నాలుగు మూలల కట్టు ఒకటుంటది. గోడ కట్టే ఎంజైము దాన్ని ఇటుక అనుకొని పట్టుకుంటది. ఇగ ఇడువది, పని ఆగుతది. గోడ లేక బ్యాక్టీరియా పగిలి సస్తది. జలుబు తెచ్చే వైరస్‌కు అసలు గోడనే లేదాయె. మందు దేన్ని కూలగొట్టాలె?"

"గోడలు, ఇటుకలు!" శేఖర్ మంజుల వైపు తిరిగాడు. "నేను డాక్టర్ననుకొని అచ్చినవా, మేస్త్రిననుకొని అచ్చినవా మంజులా?"

మంజులకు నవ్వొచ్చింది.

"అక్కా, ఊకూకె ఇప్పిస్తే రేపు నిజంగ అవసరం పడ్డనాడు గీ మందు పనిజెయ్యది" అంది జబీన్.

మంజుల తటపటాయించింది. చేతిలో సర్వే కాగితాలు పట్టుకున్న ఈ నర్సు పిల్ల మాట నమ్మాలా? ఊరంతా దండం పెట్టే మనిషిని కాదనాలా?

"మీరు ఇయ్యుండ్రి సార్" అంది.

"పొయ్యి బళ్లె పిల్లలకు చెప్పుకో తల్లీ నీ పాఠాలు" అన్నాడు శేఖర్. జబీన్ చెప్పులేసుకుని వెళ్లిపోయింది. సూది దిగింది. వనిత గుక్కపట్టి ఏడ్చింది.

మంజుల పిల్ల తొడ మీద దూది అదిమిపట్టి ఊరడిస్తుండగా శేఖర్ ఫోన్ మోగింది. సిరిసిల్ల నుంచి ఆయన కూతురు రాణి.

"ఆ, చెప్పు బిడ్డా. మనుమరాలికి జలుబా? ఎన్నొద్దులాయె? ముక్కు కారుడేనా?" అంటూ వింటున్న శేఖర్ మొహం ఎర్రబడింది. "ఏందీ, సూది ఏస్తనంటుండా? పిల్లనెత్తుకొని ఇంటికి నడువు ముందుగాల. జలుబుకు సూది పొడిసేటోడు గాడేం డాక్టరే?"