ఎర్రదీపం మిషను

"ఎలుకలున్న ఇంటికి పసిపిల్లతో రానమ్మా," అని కూతురు ఫోను పెట్టేసింది.

మనవరాలిని ఇంకా ఎత్తుకోనైనా లేదు. ఆ సాయంత్రమే ఇల్లాలు బజారుకెళ్లి ఎలుకల మిషను కొనుక్కొచ్చింది.

అరచేతిలో ఇమిడే డబ్బా. ప్లగ్గులో పెడితే ఎర్రదీపం వెలుగుతుంది. మనుషులకు వినపడని చప్పుడేదో చేస్తుందట. అది భరించలేక ఎలుకలు పారిపోతాయట.

"వినపడనప్పుడు చేస్తోందని ఎలా తెలుస్తుంది?" అన్నాడు భర్త, పేపరు దించకుండా.

"మీరు ఇంటిపని చేస్తున్నానంటే నేను నమ్మట్లేదూ? ఇదీ అంతే."

వారం తిరిగింది. ఆ ఎర్రదీపం వెలుతురులోనే ఎలుకలు బియ్యం సంచి కొరికాయి.

ఎనిమిదో రోజు గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు. గుండ్రటి కళ్లద్దాలు, జేబులో టార్చిలైటు, చేతిలో బరువైన గుడ్డసంచి.

"మిషను సర్వీసుకొచ్చానమ్మా. వారంటీ కార్డు నింపి పంపారుగా. ఉచితమే."

"పుణ్యముంటుంది, బాగు చెయ్యండి. నా మనవరాలు ఈ గడప తొక్కాలంటే అదే దిక్కు."

ఆయన మిషను వంక కన్నెత్తి చూడలేదు. తిన్నగా వంటగట్టు కిందికి దూరి గోడ తట్టాడు.

"మిషను ఇక్కడండీ!"

"చప్పుడు ఎందాకా పోతోందో చూడాలమ్మా. మనిషి అడ్డముంటే చెదిరిపోతుంది. మీరో గంట హాల్లో కూర్చోండి."

పెళ్లయినప్పటినుంచీ ఆమెను వంటింట్లోంచి బయటికి పొమ్మన్నవాడు ఆయనొక్కడే. సంతోషంగా వెళ్లి కూర్చుంది.

ఇక ప్రతి శనివారం అదే వరస. లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. గంట తర్వాత మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ వచ్చేవాడు. మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకునేవాడు కాదు.

"డబ్బాల మూతలు బిగించమ్మా. సింకు కింద తడి ఉంచకు. మిషనుకు పడదు."

ఆమె ఆయనకు 'టార్చిలైటు' అని పేరు పెట్టింది.

నెల తిరిగేసరికి ఎలుకల అలికిడి లేదు.

"చూశారా నా మిషను!" అంది భర్తతో.

"ఒప్పుకున్నాను. కానీ గిన్నెలు తోముదామంటే ఒక్క స్టీలు పీచూ కనపడదేం?"

మొన్ననే ప్యాకెట్టు తెచ్చింది. మధ్యలో వచ్చింది శనివారం ఒక్కటే. ఆమెకు విషయం అర్థమైపోయింది.

తర్వాతి శనివారం గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది.

"మిషను బ్రహ్మాండంగా ఉంది. ఇంక మీరు రానక్కర్లేదు. అయినా పెద్దవారు, పీచులు కావాలంటే అడిగితే ఇచ్చేదాన్నిగా?"

ఆయన ముఖం చిన్నబోయింది.

"నిజమేనమ్మా. అడగాల్సింది."

రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు.

"పాప ఎప్పుడొస్తోంది?"

"వచ్చే వారం."

"సంతోషం," అని వెళ్లిపోయాడు.

పాప వచ్చింది. ఇంటినిండా ఏడుపులు, నవ్వులు, ఆరేసిన పొత్తిగుడ్డలు. ఎలుక మాత్రం మచ్చుకైనా లేదు.

రెండు నెలల తర్వాత ఒకనాడు ఆమె చూపు ప్లగ్గు మీద పడింది. అక్కడ కూతురి ఫోను చార్జరు వేలాడుతోంది.

"మిషనేదే?"

"వచ్చిన రోజే తీసి అల్మరాలో పడేశానమ్మా. ఏం?"

పెద్దాయన మోకాళ్ల దుమ్ము ఆమెకు గుర్తొచ్చింది. భర్తను పిలిచి వంటింటి బీరువా పక్కకు జరిపించింది.

గోడ అడుగున కన్నాలు. అన్నీ సిమెంటుతో నున్నగా పూడ్చి ఉన్నాయి. సిమెంటులో అక్కడక్కడా తళతళా మెరుస్తూ ఆమె స్టీలు పీచు. ఎలుక పళ్లకు లొంగనిది ఆ వంటింట్లో అదొక్కటే మరి.

ఆమె ఆ సిమెంటును వేలితో తడిమింది.

"దొంగని చేశానండీ మహానుభావుణ్ణి! ఫోను చేసి రమ్మనండి. ఒక్కసారి పాపను ఆయన ఒళ్లో పెడతాను."

భర్త మిషనుతో వచ్చిన చిన్న పుస్తకం వెతికి, అట్ట మీది నంబరు చూసి కంపెనీకి ఫోను కలిపాడు.

"సర్వీసా? మాకు సర్వీసు మనుషులే లేరండీ," అంది అవతలి గొంతు. "వారంటీ కార్డులన్నీ ఒక పెద్దాయన అడిగి పట్టుకెళ్లేవారు. ఆయనా పోయిన నెల ఊరు వదిలేశారు. ఎక్కడికెళ్లారో తెలీదు."

"ఎవరాయన?"

"మీ చేతిలో పుస్తకం ఉందా? ఆఖరి పేజీ చూడండి."

ఆమె పాపను భుజాన వేసుకుని, ఇన్నాళ్లూ తెరవని ఆ పుస్తకం భర్త చేతిలోంచి అందుకుని తిప్పింది.

ఆఖరి పేజీలో గుండ్రటి కళ్లద్దాల యువకుడొకడు గర్వంగా నవ్వుతున్నాడు; ఫొటో కింద 'ఈ మిషనును కనిపెట్టినవారు' అని ఉంది.